మూత పెట్టిన కెమెరా

అట్టపెట్టె బల్ల మీద పడగానే దుమ్ము లేచింది. దాంతోపాటే అన్నయ్య గొంతూ లేచింది.

"ఇవిగో కేసెట్లు. అన్నీ డిస్కులోకి ఎక్కించు. పెళ్ళికొడుకు వాళ్ళు హాల్లో పెద్ద తెర పెట్టిస్తున్నారు, పిల్ల చిన్నప్పటి వీడియోలు వేస్తారట. ఒక్కటే మాట. ఆమె ఎక్కడ కనపడితే అక్కడ కత్తిరించెయ్."

"ఆమె అంటే ఎవరు?"

"తెలియనట్టు అడక్కే కందిరీగా."

ఆ పేరు పెట్టింది కూడా ఈ అన్నయ్యే. చిన్నప్పుడు కోపం వస్తే ముక్కుపుటాలు అదిరేవని పెట్టాడు. పెద్దయ్యాక పెళ్ళి మాట ఎత్తినవాళ్ళందర్నీ కుట్టి పంపించిందని ఇంటిల్లిపాదీ దాన్నే ఖాయం చేశారు. స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం, ఆ పైఅంతస్తులోనే రెండు గదులు, ఒక కంప్యూటరు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని సాయంత్రాలు. కందిరీగకి ఆ తుట్టె చాలు.

"కన్నతల్లి లేకుండా పిల్ల వీడియోలు ఎక్కణ్ణించి వస్తాయి అన్నయ్యా?"

"తల్లా? పుట్టినరోజు పూట, కేకు ముక్క నోట్లో ఉండగానే పిల్లని వదిలేసి పోయినామె తల్లా?" అన్నయ్య ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో! అనీ అనీ అరిగి, చివరికి సామెతలా నున్నగా తయారైంది. "పనయ్యాక కేసెట్లన్నీ నాకిచ్చెయ్, తగలబెట్టేస్తాను. అసలు ఎప్పుడో పారేయమన్నాను. అటక మీద పెట్టి మర్చిపోయిందట, మహాతల్లి."

గుమ్మంలో నిలబడ్డ మహాతల్లి నేల చూపులు చూస్తూ, "మర్చిపోయానండీ" అంది.

ఆవిడ అన్నయ్య రెండో భార్య. అన్నయ్య కూతురు పిచ్చుక పలక పట్టే వయసులో ఆ ఇంటికి వచ్చింది. ఇప్పుడు పిచ్చుక పెళ్ళికూతురవుతోంది. అయినా ఆవిడ ఇంకా కొత్తొదినే. ఆవిణ్ణి చూస్తే కందిరీగకి ఒళ్ళు మండేది. తిట్టినా "అలాగేనండీ", పొగిడినా "అలాగేనండీ". మనిషా, గోడకి కొట్టిన మేకా?

"సరే, వెళ్ళండి. చేస్తాను" అంది కందిరీగ. చేసేది అన్నయ్య కోసం కాదు. పిచ్చుక కోసం.

*

సెంటర్ స్టోర్ రూములో ఒక పాత వీసీఆర్ మూలపడి ఉంది. గుండె స్కానింగులు టేపు మీద రికార్డు చేసే రోజుల్లోది. "తీసుకెళ్ళమ్మా, వెనక్కి తేకపోయినా ఎవరూ ఏడవరు" అన్నాడు డాక్టరు. కందిరీగ దాన్ని మేడ మీదికి మోసుకొచ్చి, పైమూత విప్పి, లోపల గిర్రున తిరుగుతూ టేపుని చదివే తలని స్పిరిట్‌లో తడిపిన కాగితంతో మెల్లగా తుడిచింది. దూది పెట్టకూడదు, పోగులు చిక్కుకుంటాయి.

కేసెట్ల కిటికీల్లోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. ఒక్కోదాన్నీ విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించింది. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన టేపుని ఒకసారి చివరిదాకా పరిగెత్తించి, మొదటికి చుట్టి, అప్పుడు ప్లే నొక్కాలి. లేకపోతే పొరకి పొర అంటుకుని పుటుక్కున తెగుతుంది. వీసీఆర్ వెనకనుంచి మూడు వైర్లు. పసుపుది బొమ్మకి, ఎరుపూ తెలుపూ శబ్దానికి. మూడూ అగ్గిపెట్టెంత డబ్బాలోకి, ఆ డబ్బా కంప్యూటర్లోకి. ఇక అక్కణ్ణించి మనిషి తొందర చెల్లదు. గంట టేపు గంటా ఆడాల్సిందే. ఈలోగా కంప్యూటర్లో ఇంకే పని పెట్టుకున్నా బొమ్మ గెంతుతుంది. బొమ్మ ఆడుతున్నంతసేపూ తెర మూలన రెండు పచ్చ గీతలు లేస్తూ పడుతూ ఉంటాయి. శబ్దం ఎంతుందో చెప్పే గీతలు అవి.

మొదటి కేసెట్‌కే కందిరీగకి అన్నయ్య అలవాటు పట్టుబడింది. కెమెరా అంటే ఆయనకి ప్రాణం. ఇంకో చెయ్యి తగలనిచ్చేవాడు కాదు. తీయడం అయిపోగానే ముందు అద్దానికి మూత పెట్టేవాడు, తర్వాత తాపీగా ఎర్ర బటన్ నొక్కేవాడు. అందుకే ప్రతి ముక్క చివరా తెర నల్లబడుతుంది, ఆ చీకట్లో "హమ్మయ్య" అని అన్నయ్య గొంతు, తర్వాత టక్‌మని బటన్. మళ్ళీ ఇంకో రోజు, ఇంకో వెలుతురు.

కత్తిరింపులు మొదలుపెట్టాక అసలు తలనొప్పి మొదలైంది. వదిన మొహం తీసెయ్యడం తేలికే. చేతులే ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. పిల్ల నోటి దగ్గర చెంచా పట్టుకున్న చెయ్యి. మూతి తుడిచే చెయ్యి. సైకిలు సీటు వెనక పట్టుకుని వంగి పరిగెత్తే చెయ్యి. మొహం పోయినా చెయ్యి మిగులుతుంది. చెయ్యీ తీసేస్తే పిల్ల జడ దానంతటదే అల్లుకుంటుంది, చెంచా గాల్లోంచి వస్తుంది. "బ్రహ్మాండం. మంత్రాల పిల్ల" అని పళ్ళు నూరింది కందిరీగ. మనిషిని ఇంట్లోంచి గెంటేసినంత సులువు కాదు, బొమ్మలోంచి గెంటడం.

అంతవరకూ ఆమె 'గెంటేయడం' అనే మాట ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజుల్లో తను వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండేది. వచ్చేసరికి వదిన లేదు. "పోయింది" అన్నారు. తనూ నమ్మింది.

సాయంత్రం పిచ్చుక వచ్చింది. ఎముకలూ రెక్కలే తప్ప కండ కనపడని పిల్ల. వచ్చీ రాగానే తలుపు పక్కనున్న కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"అత్తా, నేను చిన్నప్పుడు ఏడుపుగొట్టుదాన్నా?"

"పిచ్చుకలు ఏడవ్వు. కిచకిచమని బుర్ర తింటాయి."

తలుపు ఎవరో కొట్టారు. పిచ్చుక చెయ్యి చాస్తే గడియ అందుతుంది. కానీ కదల్లేదు. "గాలేమో అత్తా" అంది.

"గాలి కాదు, వాచ్‌మన్. తలుపు తియ్యవే బద్ధకం."

పిచ్చుక తియ్యలేదు. కందిరీగే లేచి వెళ్ళి కిందిగది తాళంచెవి తీసుకుంది. పిచ్చుక చిన్నప్పట్నించీ అంతే. తలుపు చప్పుడు ఇంట్లో అందరికంటే ఆఖర్న దానికే వినపడుతుంది. అదో చాదస్తమని ఇంట్లో నవ్వుకునేవాళ్ళు.

"పోనీ, మీ అమ్మని ఒకసారి చూస్తావా? బొమ్మలోనే" అని అడిగింది కందిరీగ. వదిన ఇదే ఊళ్ళో, అవతలి చివర కళ్ళద్దాల షాపులో పనిచేస్తోందని అందరికీ తెలుసు. ఒకప్పుడు బడి గేటు దగ్గరికి వచ్చేది. పిల్లే మొహం తిప్పుకునేది.

"నన్ను వద్దనుకున్నావిడని నేనెందుకు చూడాలి?" అంది పిచ్చుక, చాలా మామూలుగా.

*

సెలవురోజు మధ్యాహ్నం, ఆఖర్న మిగిలిన పుట్టినరోజు కేసెట్ పెట్టింది. బెలూన్లు, కాగితపు టోపీలు, పిల్లల గోల. గోల భరించలేక శబ్దాన్ని హెడ్‌ఫోన్స్‌కి మళ్ళించి, వాటిని బల్ల మీద పడేసి, డ్యూటీ చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చుంది. కేకు కోశారు. వదిన నవ్వుతూ పిల్ల ముక్కుకి అంటిన క్రీము తుడిచింది. పిల్లలు వెళ్ళిపోయారు. తెర నల్లబడింది. మూత పెట్టాడన్నమాట. ఇంక టక్‌మంటుంది.

చొక్కా చెయ్యి ఇస్త్రీ అయింది. రెండో చెయ్యీ అయింది. తెర ఇంకా నల్లగానే ఉంది.

ఆపబోయి ఆగింది. పచ్చ గీతలు ఎగురుతున్నాయి.

అన్నయ్య మూత పెట్టాడు. బటన్ నొక్కడం మర్చిపోయాడు.

కందిరీగ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, హెడ్‌ఫోన్స్ చెవికి పెట్టుకుంది. పళ్ళేలు సర్దుతున్న చప్పుడు. వదిన గొంతు. ఎంత కాలమైంది ఆ గొంతు విని!

"రేపట్నించి చేరతానని మాటిచ్చానండీ."

"నేను వద్దన్నాను."

"మీరు వద్దంటే మానడానికి అది మీ ఉద్యోగం కాదుగా."

పళ్ళెం గోడకి తగిలి పగిలింది. సరిగ్గా అప్పుడే ఎవరో దబదబా తలుపు బాదారు. టేపులో తలుపు కాదు, కందిరీగ తలుపు. ఒక చెవి మీద హెడ్‌ఫోన్ అలాగే ఉంచుకుని, వైరు సాగినంతమేర సాగి, చెయ్యి చాచి గడియ తీసింది.

అన్నయ్య.

"ఎందాకా వచ్చింది? కేసెట్లు పట్టుకెళ్దామని వచ్చా" అంటూ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "హాలువాడు కుర్చీలకి గుడ్డ కట్టాలంటున్నాడు. తెలుపా, మీగడ రంగా? నువ్వేమంటావు?"

కుడి చెవిలో ఆ అన్నయ్యే, వయసు తక్కువ గొంతుతో, "నడు బయటికి" అంటున్నాడు.

"పిల్లని తీసుకుని వెళ్తాను."

"పిల్ల మీద చెయ్యి వేశావంటే చెయ్యి విరుస్తాను. నువ్వే వదిలేసి పోయావని చెప్తాను. ఎవరు నమ్మరో చూస్తాను."

"తెలుపయితే మరకలు కనిపిస్తాయి" అన్నాడు ఎడం పక్క అన్నయ్య. "ఏమే, నీతోనే! ఏముంది అందులో, నల్లగా?"

కందిరీగ తెర మీంచి చూపు తిప్పలేదు. "ఏం లేదు. ఖాళీ."

"మరి ఆ పచ్చగా ఎగిరేవేంటి?"

"కరెంటు హెచ్చుతగ్గులు."

"ఖాళీదానికి కరెంటు దండగ. ఆపు" అంటూ వీసీఆర్ మీదికి వేలు చాచాడు. కందిరీగ ఆ చేతి మీద చెళ్ళున కొట్టింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"మధ్యలో ఆపితే టేపు నలుగుతుంది! నీకు తెలియని వాటిల్లో వేలు పెట్టకు."

"అబ్బో, కుట్టింది" అని నవ్వి చెయ్యి రుద్దుకున్నాడు అన్నయ్య. తన గొంతు గీతలై తన కళ్ళ ముందే ఎగురుతుంటే కాలు మీద కాలేసుకుని చూస్తూ కూర్చున్నాడు.

కుడి చెవిలో చెప్పుల ఈడ్పు, పెనుగులాట, తలుపు. తర్వాత ఇనప గడియ. మొదట సన్నగా కీచుమంది, ఆఖర్న ఠక్కుమని గోడలోకి దిగింది. ఆ తర్వాత తలుపు కొడుతున్న చప్పుడు. అరచేత్తో, ఆగి ఆగి, అలసిపోయి, మళ్ళీ. తలుపు అవతల నుంచి వదిన గొంతు పిల్లని పేరు పెట్టి పిలుస్తోంది.

కెమెరాకి దగ్గరగా ఒక సన్నటి గొంతు. "నాన్నా, తలుపు ఎవరు కొడుతున్నారు?"

"ఎవరూ లేరమ్మా. గాలి."

"గాలి నా పేరు పిలుస్తోంది నాన్నా."

"గాలంతే. పడుకో. అమ్మకి నువ్వు వద్దట, వెళ్ళిపోయింది."

పచ్చ గీతలు ఒక్కసారిగా పడిపోయాయి. కెమెరా బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

"ఏంటే, మొహం అలా అయిపోయింది?" అన్నాడు అన్నయ్య.

ఇస్త్రీపెట్టె చేతికందేంత దూరంలోనే ఉంది, ఇంకా వేడిగానే ఉంది. కందిరీగ దాని ప్లగ్గు పీకేసింది. అంతకంటే మంచిపని ఆ రోజు ఇంకోటి చెయ్యలేదు.

"తలనొప్పి. కేసెట్ల పెట్టె పట్టుకుని వెళ్ళు అన్నయ్యా. మీగడ రంగు కట్టించు. మరకలు కనపడవు."

ఆయన పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఒక కేసెట్ మిషన్‌లోనే ఉండిపోయింది. బటన్ చూసుకునే అలవాటు ఆయనకి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

*

రెండు రోజులు కందిరీగ సెంటర్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఊపిరి బిగపట్టమని ఆమె అరిచిన అరుపుకి ఒక ముసలాయన వదలడం మర్చిపోయాడు. లోపల ఒకటే ఆలోచన మరుగుతోంది. హాల్లో పెద్ద తెర. ముద్దుల వీడియోలన్నీ అయ్యాక నల్లటి తెర. రెండు కుటుంబాలూ, ఆయన ఆఫీసువాళ్ళూ, అందరూ చెవులు రిక్కించి వినాలి. మీగడ రంగు కుర్చీలో ఆయన ముడుచుకుపోవాలి. మరకలు కనిపిస్తాయని భయపడ్డాడుగా, కనపడేట్టే చేస్తాను!

డిస్కుకి ఆ చీకటి ముక్క అతికిస్తుండగా పిచ్చుక వచ్చింది. తెర మీద తన జడ గాల్లో అల్లుకుంటోంది.

"ఇదేంటత్తా? జడ ఎవరు వేస్తున్నారు?"

కందిరీగ నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేసింది. హెడ్‌ఫోన్స్ తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"విను. బొమ్మ ఉండదు."

పిచ్చుక కాళ్ళు ముడుచుకుని కూర్చుని వింది. పళ్ళెం పగిలినప్పుడు కనురెప్పలు కొట్టుకున్నాయి. గడియ చప్పుడుకి కాళ్ళు కిందికి దించింది. తలుపు చప్పుడు వచ్చేసరికి తల తిప్పి, కందిరీగ గది తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అయినా చూస్తూనే ఉంది.

అయిపోయాక, "మళ్ళీ పెట్టు" అంది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ పెట్టింది.

"నాకు తలుపు గుర్తుంది అత్తా" అంది చివరికి. "గాలి కూడా గుర్తుంది. గొంతే గుర్తులేదు." ఏడవలేదు. వేళ్ళు మాత్రం వైరుని మెలిపెడుతున్నాయి. "బడి గేటు దగ్గర నిలబడేది. నేను బస్సు కిటికీ మూసేసేదాన్ని."

"నువ్వు చిన్నపిల్లవి. చేసింది వాడు. హాల్లో వేస్తాను చూడు, నలుగురిలో వాడి..."

"నా పెళ్ళిలో నా ఏడుపు వినిపిస్తావా?"

పిచ్చుక హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆయనకి అడ్డమొస్తే అమ్మని తీసేశాడు. నీకు కోపమొస్తే నన్ను తెరకెక్కిస్తావు. తలుపు అవతల నిలబడ్డది అమ్మ. ఇవతల ఉన్నది నేను. మీరిద్దరూ ఎవరు అత్తా?"

పెళ్ళి సంబంధాలవాళ్ళు కూడా కందిరీగని అలా కుట్టలేదు. ఒక్క నిమిషం ఉడికిపోయింది. తర్వాత నల్ల ముక్కని డిస్కులోంచి తీసేసింది. మిషన్‌లో ఉన్న కేసెట్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, పిచ్చుక ఒళ్ళో పెట్టింది.

"నీది. ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

"కత్తిరించినవి మళ్ళీ అతికించగలవా?"

"అసలు ముక్కలు ఎక్కడికీ పోలేదు, కంప్యూటర్లోనే ఉన్నాయి."

"అతికించు. నాన్నని నేను చూసుకుంటాను." లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "కళ్ళద్దాల షాపు ఎన్నింటికి మూస్తారు?"

*

ఆదివారం సాయంత్రం అన్నయ్య ఇంట్లో టీవీ ముందు కుర్చీలు వేశారు. హాలుకి పంపేముందు డిస్కు తను చూడాలన్నాడు. కందిరీగ వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళేసరికి కొత్తొదిన ఇంకో కుర్చీ తుడుస్తోంది.

"ఉన్నది నలుగురం. ఐదోది ఎవరికి?"

"ఎవరైనా వస్తారేమోనని" అంది కొత్తొదిన.

కందిరీగ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. "పిచ్చుక నీకు చెప్పిందా?"

"నాకు చెప్పాకే షాపుకి వెళ్ళింది." కొత్తొదిన కుర్చీ కాళ్ళు కూడా తుడుస్తోంది. "పెట్టె పారేయమని మీ అన్నయ్య ఎన్నోసార్లు అన్నారు. అటక మీద ఈ మూల నుంచి ఆ మూలకి మార్చేదాన్ని. పారేస్తే రేపు పిల్ల అడిగినప్పుడు ఏం చూపిస్తాను?"

"మర్చిపోయానన్నావు!"

"అనాలి కదండీ."

మేకు అనుకుంది తను. ఇన్నాళ్ళూ ఈ ఇంటి గోడ మీద వదిన గుర్తులు పడిపోకుండా పట్టుకున్నది ఆ మేకే. కందిరీగ కుర్చీకి ఇంకో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి మోసుకొచ్చి పిచ్చుక పక్కన వేశారు.

డిస్కు తిరిగింది. చెంచా పట్టుకున్న చెయ్యి వచ్చింది. చెయ్యి వెనకాలే మొహం వచ్చింది. సైకిలు వెనక పరిగెత్తుతూ వదిన నవ్వింది, కెమెరా వైపు తిరిగి "మీరూ రండి!" అని పిలిచింది.

అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. "ఏంటిది? కత్తిరించమన్నానుగా! నీకు చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"నేనే అతికించమన్నాను నాన్నా" అంది పిచ్చుక.

"నీకేం తెలుసే ఆమె గురించి? ఇది హాల్లో వేస్తే నా పరువు..."

తలుపు చప్పుడైంది. అరచేత్తో, మెల్లగా, ఆగి ఆగి.

అన్నయ్య విసుగ్గా తల తిప్పాడు. "ఈ వేళప్పుడు ఎవరది?"

తలుపు చప్పుడు అందరికంటే ఆఖర్న వినపడే పిల్ల, అందరికంటే ముందు లేచింది.

"గాలి, నాన్నా."

అన్నయ్య మొహంలో రంగు పోయింది. టీవీలో ఆయన తీసిన బొమ్మలు వాటి మానాన అవి ఆడుతున్నాయి. కొత్తొదిన మాత్రం ఖాళీ కుర్చీని కొంచెం ఇటు జరిపింది.

పిచ్చుక నడుచుకుంటూ వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. ఇల్లు అదే, తలుపు అదే, గడియా అదే. ముందు ఠక్కుమని గోడ వదిలింది, తర్వాత సన్నగా కీచుమంటూ వెనక్కి వచ్చింది. ఆ చప్పుడు కందిరీగ ఇంతకుముందు విన్నదే. ఈసారి తిరగేసి వినపడింది.